ఊరి బయటి చదువు

అనంతపురం దాటి ఇటికలపల్లి వైపు పది కిలోమీటర్లు పోతే, ఎర్రనేలల మధ్య సుమారు 500 ఎకరాల్లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కనిపిస్తుంది. జనం నోట అది ఎస్కేయూ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కాలేజీల పిల్లల పట్టాల మీద ఉండేది దీని ముద్రే. దానికి రాయల పేరు పెట్టడంలో పెనుకొండ వాళ్లకు ప్రత్యేకమైన ఆనందం ఉంది. తళ్లికోట యుద్ధం తర్వాత, 1565లో, విజయనగర రాజ్యానికి రాజధాని అయింది వాళ్ల ఊరే మరి.

ఈ విశ్వవిద్యాలయం సీమకు సులువుగా రాలేదు. అనంతపురంలో కాలేజీ చదువు 1916లోనే మొదలైంది. దత్త మండలాల కాలేజీ అనే పేరుతో పుట్టిన నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం పాఠాలు చెప్పారు, నీలం సంజీవరెడ్డి అక్కడే చదివారు. విశ్వవిద్యాలయం మాత్రం దూరంగానే ఉండిపోయింది. 1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ తర్వాత వాల్తేరు చేరింది. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తావారే అన్నీ దక్కించుకుంటారన్న సీమ భయానికి ఇదీ ఒక కారణమే. ఆ భయం తీర్చడానికి 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో ఒక స్పష్టమైన మాట ఉంది: విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ కేంద్రాన్ని అభివృద్ధి చేయాలి.

మాట ఇచ్చినంత తొందరగా పని జరగలేదు. మద్రాసు గిండీలో 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ 1948లో అనంతపురానికి తరలివచ్చింది. అదే నేటి జేఎన్‌టీయూ అనంతపురానికి మూలం. రాష్ట్రం ఏర్పడ్డాక 1954లో సీమకు వచ్చిన విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలసింది. అనంతపురానికి 1968లో దక్కింది దాని పీజీ కేంద్రం మాత్రమే. 1976లో ఆ కేంద్రానికి స్వయంప్రతిపత్తి వచ్చింది, 1981 జూలై 25న అదే విశ్వవిద్యాలయమైంది. శ్రీబాగ్ మాటకూ ఆ రోజుకూ మధ్య దాదాపు 44 ఏళ్లు. ఒక తరం పిల్లలు చదువు వయసు దాటిపోయి, వాళ్ల పిల్లలు ఎదిగేంత కాలమది. అదే ఏడాది నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ డీమ్డ్ విశ్వవిద్యాలయంగా మొదలైంది. ఎస్కేయూకు మొదట్లో ఆవరణలోని విభాగాలే ఉండేవి, డిగ్రీ కాలేజీల అనుబంధం ఎనభయ్యవ దశకం చివర్లో వచ్చింది. దాని పరిధిలోని కర్నూలు భాగం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయంగా విడిపోయింది.

ఊరికి దూరంగా ఉన్న ఈ ఆవరణలో అసలు బతుకంతా హాస్టల్‌లోనే. వేరుశనగ వేసి వాన కోసం ఎదురుచూసే ఇళ్ల నుంచి, ధర్మవరం మగ్గాల ఇళ్ల నుంచి వచ్చే చాలామందికి, ఇంట్లో పీజీ గడప తొక్కిన మొదటి మనిషి తామే. అలాంటి వాళ్లకు తరగతి గది ఎంత ముఖ్యమో, హాస్టల్ మంచం, మెస్ భోజనం కూడా అంతే ముఖ్యం. మెస్ బిల్లు ఒక నెల పెరిగిందంటే చదువు ఆగే ప్రమాదం కొన్ని ఇళ్లలో నిజంగానే ఉంటుంది. స్కాలర్‌షిప్ ఆలస్యం కావడాన్ని కాగితాల వ్యవహారంగా చూడకూడదనేది అందుకే. పోటీ పరీక్షల పుస్తకాలతో రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే గదులూ ఇక్కడివే, రాజకీయం రగిలే గదులూ ఇక్కడివే. 2009 డిసెంబరు 9 రాత్రి తెలంగాణపై కేంద్రం ప్రకటన వచ్చాక సమైక్యాంధ్ర ఉద్యమానికి ఈ విద్యార్థులే ముందు నడిచారు. 2013లో రాష్ట్ర విభజన నిర్ణయం వచ్చినప్పుడూ అదే జరిగింది. సీమకు ఇచ్చిన మాటల చరిత్ర తెలిసిన చోట అది వింత కాదు.

2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా అనంతపురానికే వచ్చి, జేఎన్‌టీయూ భవనాల్లో తరగతులు ప్రారంభించింది. 2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, ఎస్కేయూ అనంతపురం జిల్లాలోనే ఉండిపోయింది. ఈ ఊళ్లన్నీ బెంగళూరు వెళ్లే ఒకే రైలు దారి మీద ఉన్నాయి. ధర్మవరం వాళ్లకు అనంతపురం దగ్గర. హిందూపురం వాళ్లకు అటు అనంతపురం, ఇటు బెంగళూరు ఇంచుమించు సమాన దూరం. డిగ్రీ అయిపోయిన పిల్లలు ఏ వైపు రైలెక్కుతారన్నది చాలాసార్లు ఇటికలపల్లిలో హాస్టల్ సీటు దొరకడం మీదే ఆధారపడుతుంది.