పునరుద్ధరించవలసింది దేనిని?

కండక్టర్ లైసెన్సు కోసం ప్రథమ చికిత్స నేర్చుకునేవారికి సెయింట్ జాన్ అంబులెన్స్ పేరు పరిచితమే. ఆ సంస్థ చిహ్నం ఎనిమిది మొనల తెల్లని శిలువ. గాయానికి కట్టు కట్టడం నేర్పే సంస్థకు ఆ గుర్తు కత్తి పట్టిన సన్న్యాసుల సంఘం నుంచి వచ్చిందని ఎందరికి తెలుసు?

పదకొండవ శతాబ్దంలో జెరూసలేం యాత్రికుల కోసం వెలసిన ఆస్పత్రి ఆ సంఘానికి పుట్టినిల్లు. 1113లో పోప్ రెండవ పాస్కల్ దానికి గుర్తింపునిచ్చాడు. క్రమేణా రోగులకు సేవ చేసే చేతులే ఆయుధం పట్టాయి. క్రూసేడులలో పోరాడిన ఆ నైట్లు తరువాత రోడ్స్‌ను, 1530 నుంచి మాల్టాను ఏలారు. అక్కడ పేరుపొందిన ఆస్పత్రిని నడిపారు. తమ ఓడలలో తెడ్లు వేయడానికి ముస్లిం బందీలను బానిసలుగానూ ఉంచుకున్నారు. రెండూ ఆ శిలువ నీడలోనే జరిగాయి. 1798లో నెపోలియన్ వారిని మాల్టా నుంచి వెళ్లగొట్టాడు. ఇంగ్లండులోని శాఖను అంతకు చాలా ముందే, 1540లో, ఎనిమిదవ హెన్రీ రద్దు చేశాడు.

ఆ ఇంగ్లీషు శాఖకు 1831లో మళ్లీ ప్రాణం పోశారు. ఆ కథ ఏమంత పవిత్రమైనది కాదు. గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధాన్ని అదనుగా తీసుకుని మధ్యధరా సముద్రంలో తిరిగి స్థావరం సంపాదించాలని, అందుకు లండనులో అప్పు పుట్టించాలని కొందరు ఫ్రెంచి నైట్లు చేసిన ప్రయత్నమే దానికి బీజం. రోమ్‌లోని మాతృసంస్థ ఈ కొత్త శాఖను తనదిగా అంగీకరించలేదు. వంశవృక్షాన్ని బట్టి చూస్తే వీరి వారసత్వం సందేహాస్పదమే.

అయితే 1877లో వీరు ప్రథమ చికిత్స శిక్షణకు సంఘం స్థాపించారు. 1882లో జెరూసలేంలో కంటి ఆస్పత్రి తెరిచారు. విక్టోరియా రాణి శాసనపత్రం లభించినది ఆ తరువాత, 1888లో. పూర్వులు కత్తి పట్టిన నేలలో ఆ కంటి ఆస్పత్రి నేటికీ పాలస్తీనీయులకు చికిత్స చేస్తోంది. దీనికి మించిన వారసత్వపత్రం ఏముంటుంది?

టెంప్లార్ల సంగతి వేరు. 1312లో రద్దయిన ఆ సంఘాన్ని 1804లో పారిస్‌లో ఫాబ్రే-పలప్రా పునరుద్ధరించాడు. తమ పరంపర ఎన్నడూ తెగలేదనడానికి అతడు చూపిన పత్రం నకిలీదని చరిత్రకారుల అభిప్రాయం. అంగీలు, బిరుదులు, ఖడ్గాల మీది ఆ మోజు నేటికీ చావలేదు. 2011లో నార్వేలో 77 మందిని చంపినవాడు కూడా తనను టెంప్లార్ నైటుగా చెప్పుకున్నాడు. అతడు చెప్పిన సంఘం ఉన్నదనడానికి ఆధారాలే దొరకలేదు. సంఘం లేకపోయినా కత్తి జ్ఞాపకం ఒక్కటే అతడికి చాలింది.

చరిత్రలోని మంచిని మాత్రమే ఏరుకోవడం ఆత్మవంచన కాదా అని ఎవరైనా అడగవచ్చు. బానిసల తెడ్లను మరుగుపరిస్తే నిస్సందేహంగా ఆత్మవంచనే. అవీ ఉన్నాయని ఒప్పుకుని, మాకు మాత్రం ఆస్పత్రే కావాలి అంటే అది వివేకం. పునరుద్ధరణ అంటేనే ఎంపిక. పూర్వవైభవాన్ని తిరిగి తెస్తామనేవారు ఏ మతంవారైనా, ఏ దేశంవారైనా, మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అయ్యా, మీరు తెచ్చేది కత్తినా, కట్టునా?