మూడు విషవాయువులు, ఒక అలర్జీ

కార్బన్ మోనాక్సైడ్ అంటే తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి గుర్తొస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అంటే మ్యాన్‌హోల్‌లోకి దిగి తిరిగిరాని కార్మికులు. నైట్రిక్ ఆక్సైడ్ బండ్ల పొగలో ఉంటుంది. ఈ మూడింటినీ మన ఒళ్లు అతి స్వల్పంగా తనే తయారు చేసుకుంటుంది. దెబ్బకు కమిలిన చర్మం కొన్ని రోజుల్లో ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది చూడండి, పేరుకున్న రక్తం విరిగే ఆ క్రమంలో కాస్త కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. రక్తనాళాలను సడలించే సంకేతం నైట్రిక్ ఆక్సైడేనని తేల్చినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ దక్కింది.

అలర్జీలో వీటి పాత్ర ఇంకా చిక్కైనది. చర్మంలో, ముక్కులో, శ్వాసనాళాల్లో మాస్ట్ కణాలు కాపు కాస్తుంటాయి. వాటి పైపొరకు ఐజీఈ యాంటీబాడీలు అంటుకుని ఉంటాయి. పుప్పొడి రేణువులోని ప్రొటీన్ రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుందా, కణంలోకి కాల్షియం దూసుకొస్తుంది. నిమిషాల్లో లోపలి గుళికలు తెరుచుకుని హిస్టమిన్ బయటపడుతుంది. తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం దాని పర్యవసానమే. నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఈ కాల్షియం ఉరవడిని తగ్గించి గుళికలను అదుపు చేస్తాయని ప్రయోగశాలలో జంతువుల కణాలపై తేలింది. హైడ్రోజన్ సల్ఫైడ్‌పైనా అలాంటి ఆశలున్నాయి, కాకపోతే ఎలుకలు దాటి రాలేదు.

నైట్రిక్ ఆక్సైడ్ గుళికలను అదుపు చేసేదైతే, మరి అలర్జీ ఉబ్బసం రోగి శ్వాసలో అది ఎందుకంత ఎక్కువ? అలర్జీ వాపులో ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేత ప్రొటీన్ శ్వాసనాళాల లోపొరను పురిగొల్పి ఆ వాయువును దండిగా పుట్టిస్తుంది. అయితే అది దోషా, సాక్షా? దాన్ని తయారు చేసే ఎంజైమ్‌ను మందుతో అడ్డుకుని చూశారు. 2007లో వెలువడిన ఫలితం ప్రకారం శ్వాసలో వాయువు బాగా పడిపోయినా అలర్జీ ప్రతిస్పందన తగ్గలేదు. పొగను చెదరగొడితే మంట ఆరదు కదా!

అందుకే ఈ వాయువును మందుగా కన్నా కొలమానంగా వాడటమే ఇప్పటికి వివేకం. దాన్ని కొలిచేదే ఫెనో పరీక్ష. గొట్టంలోకి కొన్ని సెకన్లు ఒకే వేగంతో ఊదితే చాలు, సూది అక్కర్లేదు. పెద్దల్లో వంద కోట్ల భాగాలకు 50 భాగాలు దాటితే అలర్జీ తరహా వాపు ఉన్నట్టు, పీల్చే స్టెరాయిడ్ పనిచేసే అవకాశం ఎక్కువన్నట్టు. పొగతాగేవారిలో అంకె తగ్గి కనిపిస్తుంది, అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ చేయాల్సిందే.

‘నైట్రిక్ ఆక్సైడ్ పెంచుతాం’ అంటూ అమ్మే పొడులకు ఉబ్బసం చికిత్సలో చోటు లేదు. వాటిని నమ్మి డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను మాత్రం పక్కన పెట్టకండి.