బస్తీ డైరీ - 11: ఎవరూ అడగని దుమ్ము

ఈసారి ఇంట్లో మాట రాస్తున్న.

మా చెల్లెకు పెండ్లయి ఏడేండ్లు. పిల్లల్లేరు. గొడ్రాలు అన్న మాట ఇన్నేండ్లు ఆమె ఒక్కతే మోసింది. స్కానింగులు, మందులు, మొక్కులు, తాయెత్తులు అన్నీ ఆమెకే. పోయిన నెల మొదటిసారి మా బామ్మర్దికి వీర్య పరీక్ష చేసిండ్రు. కణాలు బాగా తక్కువ. డాక్టర్ సిగరెట్ గురించి అడిగిండు, మందు గురించి అడిగిండు. ఏం పని చేస్తవని అడగలే.

నేను చెప్త. కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీవో ల్యాబుల గోడకు ఇవతల మా బస్తీ. ఆయన పద్నాలుగేండ్లుగా కబాడీ దుకాణంలో పాత టీవీలు, కంప్యూటర్లు విప్పుతడు. రాగి కోసం వైర్లు కాలుస్తడు. మూతికి దస్తీ, అంతే. నేలంతా నల్లటి సన్న దుమ్ము. అన్నం డబ్బా విప్పేది కూడా అక్కడే.

టీవీ డబ్బా తొందరగా అంటుకోకుండా ప్లాస్టిక్‌లో మంటను ఆపే రసాయనాలు కలుపుతరు. పాత వాటిల్లో బ్రోమిన్ ఉన్న పీబీడీఈలు ఎక్కువ. ఇవి ప్లాస్టిక్‌తో గట్టిగా అతుక్కొని ఉండవు, కలిసి ఉంటయి అంతే. అందుకే ఏండ్ల తరబడి బయటికొచ్చి దుమ్ములో చేరుతయి, చేతుల నుంచి అన్నంలోకి పోతయి, ఒంట్లో కొవ్వులో నిలుస్తయి. జంతువుల మీద పరీక్షల్లో థైరాయిడ్‌ను, మగ హార్మోన్లను చెడగొట్టినయి. వీటి బదులు వచ్చిన భాస్వరం రకాలూ అమాయకమైనవేం కాదు. 2010లో అమెరికాలో మీకర్, స్టేపుల్టన్ అనే పరిశోధకులు, సంతానం కోసం క్లినిక్‌కు వచ్చిన జంటల్లోని 50 మంది మగవాళ్ల ఇండ్ల దుమ్ము చూసిండ్రు. ట్రైఫినైల్ ఫాస్ఫేట్ ఎక్కువున్న ఇండ్లల్ల మగవాళ్లకు శుక్రకణాల సాంద్రత తక్కువున్నది. చిన్న అధ్యయనమే, కారణం తేల్చలే. కానీ అది సోఫాలున్న ఇండ్ల దుమ్ము. మాది దుకాణం దుమ్ము.

మా బామ్మర్దికి దీనివల్లే అయిందని నేను అనను. సీసం కావచ్చు, వేడి కావచ్చు, గుట్కా కావచ్చు. అడగనే అడగకపోతే ఎట్ల తెలుస్తది?

స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లోనే పెంటా, ఆక్టా రకాలను నిర్మూలన జాబితాలో పెట్టింది, 2017లో డెకాను. అదే ఒప్పందం, పెంటా, ఆక్టా ఉన్న ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేసుకునేందుకు కోరిన దేశాలకు 2030 దాకా మినహాయింపు కూడా ఇచ్చింది. కొనేటోళ్లకు నిషేధం, విప్పేటోళ్లకు మినహాయింపు! ఆ దుకాణంలో ఆరుగురు పనోళ్లుంటే నలుగురు మాదిగలు, ఇద్దరు పేద ముస్లింలు. ఇది లెక్క తప్పి జరిగింది కాదు.

మనం కూడా తక్కువేం కాదు. మ్యాన్‌హోల్ చావు మీద ధర్నా చేస్తం, చెయ్యాలె. మెల్లగా ఒంట్లోకి పోయేదాని మీద ఒక్క కరపత్రం ఎయ్యలే. మగోని లోపమనే సరికి సిగ్గొకటి అడ్డమొస్తది. ఆ సిగ్గు ఖర్చు మా చెల్లె కట్టింది. మగవాళ్ల సంతానలేమికి జన్యు కారణాలు వెతికిన సీసీఎంబీ ఇదే ఊళ్లె, హబ్సిగూడలో ఉన్నది. పీహెచ్‌డీ టాపిక్ వెతుక్కుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఒక్కసారి మా గల్లీ దుమ్ము తీస్కపోయి చూడరాదు?

పని మానెయ్యమన్న. "రోజు కూలి నువ్విస్తవా బావా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ఈ పోస్టు పెడతనంటే, ముందు అమ్మకు చెప్పనియ్యమన్నడు. నిన్న రాత్రి చెప్పిండు. ఆమె చానాసేపు మాట్లాడలేదట. తర్వాత కోడలు దిక్కు చూడకుండనే, "రేపటిసంది చేతులు కడుక్కోని, బయట కూసోని తిను" అన్నదట.