ఐస్ పడకపోతే గ్యాస్ అయిపోయినట్టేనా?

మా పటాన్‌చెరు ఎండల్లో షిఫ్టు దిగి వచ్చే మావారికి చల్లటి మజ్జిగ ఇద్దామంటే, ఫ్రిజ్‌లో ఐస్ పడటం ఆగిపోయింది. మెకానిక్ చూడగానే "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి" అన్నాడు. డబ్బులు తీయబోతూ ఫ్రీజర్ తెరిచాను. బఠాణీల పొట్లం రాయిలా ఉంది! గ్యాస్ పోతే అది మెత్తబడాలి కదా? రేపు రమ్మని పంపేశాను.

ఐస్ మేకర్‌లో నీరు గడ్డకట్టిందని చెప్పే సెన్సర్ ఒకటి, డబ్బా నిండిందని చెప్పే మీట ఒకటి ఉంటాయి. ఏది పొరబడినా ఐస్ పడదు. మా మీట మంచులో ఇరుక్కుని, ఖాళీ డబ్బాని నిండిందంటోంది!

మీరూ ఇలా చూడండి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకు పెట్టి ఉందా? నీటి కుళాయి తెరిచి ఉందా? తర్వాత లోపలివి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టి, ప్లగ్ తీసి, తలుపులు తెరిచి మంచు కరగనివ్వండి. చాకుతో మాత్రం గీకకండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూయండి. లాగితే జారి వచ్చిందా, మంచు పేరుకునేది అక్కడి గాలివల్లే.

ప్లగ్ పెట్టాక ఒకరోజు ఆగండి. అప్పటికీ పడకపోతే ముందు సెన్సర్ పరీక్షించమనండి, గ్యాస్ మాట తర్వాత!