కెరటపు ఛాయాచిత్రము కళ కాదా?

కుంచెతో సముద్రమును వ్రాసిన కళయట; కెమేరాతో బట్టిన యంత్రకార్యమట. ఈ మాట మన విద్యావంతుల గృహములలో నేటికిని వినబడుచున్నది. కెరటమును లేపినది సముద్రము, వెలుగు నిచ్చినవాడు సూర్యుడు, ప్రతిబింబమును గ్రహించినది కటకము. మీట నొక్కుట తప్ప మనుష్యుడు చేసినదేమని వారి ప్రశ్న. వాదము వినుటకు ముచ్చటగా నున్నది గాని పరీక్షకు నిలువదు. అంతియ కాదు, ఇది హానికరమని కూడ మేము చెప్పుచున్నాము. చేసినవాడు లేని వస్తువునకు దోషములుండినను బాధ్యుడుండడు. కెరటపు చిత్రము ఎవ్వరి కృతియు గాదని తీర్మానించితిమేని, అది సత్యము పలుకుచున్నదో అసత్యమాడుచున్నదో యడుగుటకు మనకు నోరుండదు.

ఈ తగవు కెమేరాతో బుట్టినది కాదు. వస్తువును ఉన్నదున్నట్లు వర్ణించు స్వభావోక్తిని దండి మొదటి యలంకారముగా నెంచెను. కుంతకుడు దాని నలంకారమే కాదనెను. వస్తుస్వభావము అలంకరింపబడవలసిన శరీరము. అదియే యలంకారమైనచో ఇక నలంకరింపబడున దేదని ఆయన యాక్షేపణ. కెమేరాను నిరసించువారు తెలియకయే కుంతకుని చాటున నిలిచియున్నారు. కాని ఆయనయు స్వభావవర్ణనమున కవివ్యాపారము లేదనలేదు. అలంకారమను పేరును మాత్రము నిరాకరించి, వస్తువక్రతయను పేర దానికి జోటిచ్చెను. వస్తువునకు అవస్థలు వేయి. వానిలో దేనిని జూపవలయునో యెన్నుకొనుటయే కృతికర్త పని. పర్వతము రేపటివరకు వేచియుండును. కెరటము రెప్పపాటైనను వేచియుండదు. కావున ఎన్నుకొనువాని శక్తి కెరటపు చిత్రమున దెలిసినంతగా మరెక్కడను దెలియదు.

దృష్టాంతమునకు ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ ల గ్రేను జూతము. 1820లో జన్మించి, చిత్రలేఖనము నభ్యసించి, పిదప ఛాయాచిత్రములకు వచ్చినవాడాయన. 1856, 1857 సంవత్సరములలో నార్మండీ తీరమునను, మధ్యధరా సముద్రముపై నున్న సేత్ రేవునను ఆయన సముద్రచిత్రములను దీసెను. ఆనాటి పని మీట నొక్కుట కాదు. గాజుపలకపై కొలోడియన్ ద్రవమును బోసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి యారకముందే చిత్రమును గ్రహించి, వెంటనే చీకటిలో దానిని గడిగి స్ఫుటము చేయవలెను. అంతకంటె పెద్దచిక్కు మరియొకటి. ఆ పలక నీలకాంతికి మిక్కిలి లొంగునది. సముద్రము చక్కగా బడునంతసేపు కెమేరా తెరచియుంచిన ఆకాశము మేఘములతో సహా తెల్లని శూన్యమగును. ఆకాశమునకు దగినట్లు మూసిన సముద్రము చీకటియగును. ల గ్రే రెండు పలకలు వాడెను. ఒకటి మేఘములకు, ఒకటి సముద్రమునకు. రెంటిని దిగంతరేఖకడ గలిపి యొకే కాగితముపై ముద్రించెను.

సేత్ కడ 1857లో దీసిన 'మహాతరంగము' అట్టిదే. సుమారు 34 సెంటీమీటర్ల యెత్తును 41 సెంటీమీటర్ల వెడల్పును గల ఆ చిత్రపు ప్రతి యొకటి 1999లో లండనునందు సోథెబీస్ వారి వేలమున 5,07,500 పౌనులకు అమ్ముడువోయెను. అంతవరకు ఏ ఛాయాచిత్రమునకును వేలమున నంతటి ధర పలుకలేదు. ధర కళకు ప్రమాణము గాదు. మేఘమును నీరును గలిసిన చోటనున్న యతుకుగీతయే ప్రమాణము. అచ్చట మనుష్యుని చేయి గనబడుచున్నది.

"చూచితిరా, అది మోసము" అని వాదులు వెంటనే పక్షము మార్చుదురు. మనుష్యుడేమియు జేయలేదని నిమిషము క్రిందట ననినవారే, మితిమీరి చేసెనని యిప్పుడు కోపగింతురు. ఒకే నోట రెండును జెప్ప వీలులేదు. అయినను ప్రశ్నకు ఉత్తరమియ్యవలసినదే. తీరమున నిలిచినవాని కన్ను మేఘమును కెరటమును గూడ చూచును. ఆ పలక చూడలేదు. కన్ను చూచినదానిని పలక పోగొట్టగా ల గ్రే మరల దెచ్చి యిచ్చెను. అయితే ఆయన ఒకే మేఘపలకను వేర్వేరు సముద్రములపై వాడుటయు గలదు. దీనిని మేము కప్పిపుచ్చము. శంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయ మిచట స్మరింపదగినది. పటమునందలి గుఱ్ఱమును జూచి గుఱ్ఱమనుకొను జ్ఞానము యథార్థమును గాదు, భ్రమయు గాదు, సంశయమును గాదు. అది వేఱొక జాతి జ్ఞానము. చిత్రమును చిత్రముగా నిచ్చువాడు మననుండి ఆ జ్ఞానమునే కోరును. ఆ పటమునే "ఫలాని దినమున, ఫలాని రేవున, ఈ మేఘముల క్రింద నిట్లుండెను" అని సాక్ష్యముగా నిచ్చినచో నది కూటసాక్ష్యము. దోషము కలుపుటలో లేదు. ఏమని చెప్పి యిచ్చితిమను దానిలో నున్నది.

కాలము నెన్నుకొనుటయు నట్టిదే. క్షణములో సహస్రాంశము మాత్రము కెమేరా తెరచిన, ఎగసిన ప్రతి బిందువును గాజుపూసవలె గాలిలో నిలుచును. అరనిమిషము తెరచిన, కెరటములన్నియు గరగి మంచువలె బరచుకొనును. మన కన్ను ఈ రెంటిలో దేనిని జూడదు. కావున కెరటము విషయమున యథాతథచిత్రమనునది లేనేలేదు. జపాను దేశమున బుట్టిన హిరోషీ సుగిమోతో 1980 మొదలు దీసిన సముద్రచిత్రములలో సగము నీరు, సగము ఆకాశము. ఓడ లేదు, ఒడ్డు లేదు, రంగు లేదు. ఆదిమానవుడు చూచిన దృశ్యమును నేటివాడు చూడగలడా యను ప్రశ్ననుండి యివి పుట్టినవి. ల గ్రే యొక కెరటమును బ్రధానము చేసెను. సుగిమోతో దేనికిని బ్రాధాన్యమియ్యలేదు. ఇద్దరి చేతను ఉన్నది కెమేరాయే, ఎదుట నున్నది సముద్రమే. మరి యీ భేదము ఎక్కడినుండి వచ్చినది?

ఇక హాని సంగతి. నేడు గోడలకెక్కుచున్న కెరటపు చిత్రములలో ననేకము ఏ సముద్రమునను లేని నీలిరంగు పులుముకొన్నవి. కొన్నిటి విషయమున సముద్రమే లేదు. కంప్యూటరు కల్పించినదానిని ఛాయాచిత్రమని పేరు పెట్టి యమ్ముచున్నారు. కల్పన తప్పని మేమనము. కల్పనకు సాక్ష్యపు వేషము వేయుట తప్పు. "కెమేరా చేసినది, మాదేమున్నది?" అను మాట ఈ వర్తకులకు బెట్టనికోట. ఆ కోటకు ఇటుకలు మోయుచున్నవారు కళాభిమానులమని చెప్పుకొను మన పెద్దలు.

సంస్కారప్రియులలో మరికొందఱు వేఱొక యాక్షేపణ చేయుదురు. 1977 నవంబరు 19న దివిసీమపై బడిన ఉప్పెన వేలకొలది ప్రాణములను గొన్నది. కెరటమును అందమని గోడకు దగిలించుట నిర్దయ గాదా? ఈ ప్రశ్న గౌరవింపదగినది. కాని నిర్దయ అందములో లేదు, మఱపులో నున్నది. వేటకు బోవు పల్లెకారుడు కెరటము నెంత శ్రద్ధతో జూచునో యెఱుగుదుము. దాని రాకపోకల గుర్తెఱుగుటపై నాతని బ్రతుకు నిలిచియున్నది. ల గ్రే చిత్రమున నీటి బరువు దెలియును, మేఘపు బెదరింపు దెలియును. పులిమిన నీలిరంగు చిత్రమున నీ రెండును లేవు. సముద్రము మన గదికి దగిన తెరగుడ్డయని యది బిడ్డలకు నేర్పును. ఏది మఱపించునో, ఏది మేల్కొలుపునో పాఠకులే నిర్ణయింతురు గాక.

గృహస్థులారా, గృహిణులారా! పుస్తకము కొనునపుడు కర్త యెవరని యడుగుదురు గదా. కెరటపు చిత్రము కొనునపుడును అడుగుడు: ఇది యే సముద్రము? ఎంతసేపటి చూపు? ఏమి కలిపిరి, ఏమి తీసివేసిరి? సమాధానము చెప్పువాడు కళాకారుడు, వానిని గౌరవింపుడు. యంత్రముపై నెపము వేయువానిని మీ గడప యెక్కనీయకుడు.