మా మూడు వ్యసనములు

ఇంటిపనులన్నియు తీరిన పిదప మీ మనస్సు దేనిమీదికి పోవునని యెవరైన మమ్ము నడిగినచో, మేము సంకోచింపక మూడు మాటలు చెప్పుదుము. సాయంకాలమున టెలివిజను ధారావాహిక, పండుగనాడు సన్నాయిమేళము, ఎల్లవేళల మా కుక్క. వీనిలో నొక్కటియు ఘనకార్యము కాదని మేమెరుగుదుము. మా బావగారు వీనికి ‘మూడు వ్యసనములు’ అని పేరు పెట్టినారు. వ్యసనము లేడని పెద్దలు చెప్పియుండగా మాకు మూడే యున్నందుకు తాము సంతోషింపవలెనని మేము బదులు చెప్పితిమి.

మొదట టెలివిజను సంగతి. 1987వ సంవత్సరము జనవరి 25వ తేదీ ఆదివారమున దూరదర్శనమునందు రామానంద సాగరు గారి రామాయణ మారంభమైన నాటికి మా లేపాక్షిలో ఆ పెట్టె యున్న యిండ్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. ఆదివారము ప్రొద్దున అట్టి యింటి గుమ్మమున చెప్పులు కుప్పవడియుండెడివి. ఆ భాష హిందీ. మా వీథిలో దానిని ఎరిగిన స్త్రీ ఒక్కతెయు లేదు. కాని ఆ కథ నెరుగని స్త్రీయు లేదు. సీతమ్మ అడవికి బయలుదేరునపుడు ముసలవ్వలు కొంగుతో కన్నులు తుడుచుకొనుచుండగా, మాటల యర్థమేమని యడుగువారే లేకపోయిరి.

ఇది మా సీమకు క్రొత్తదియు కాదు. ధర్మవరమునకు దగ్గర నిమ్మలకుంట యను పల్లె కలదు. అచటి కుటుంబములు తరతరములుగా మేకతోలును పలుచగా చేసి, చిల్లులు పొడిచి, రంగులు పూసి, దీపపు వెలుగున తెల్లని తెరమీద రామాయణ భారతములను రాత్రి తెల్లవార్లు ఆడించినవారు. ఆ పల్లెకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. వెనుక వెలుగు, ముందు తెర, నడుమ కదలెడు బొమ్మ: ఆలోచించి చూడగా మన అవ్వల కాలపు టెలివిజను అదియే. కథ బరువెక్కినపుడు జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి మోటుహాస్యమాడి నిద్రించువారిని లేపెడివారు. నేటి ధారావాహికలలో ఆ పని వాణిజ్య ప్రకటనలు చేయుచున్నవి. బంగారక్కయే మేలని మా యభిప్రాయము.

యద్దనపూడి సులోచనారాణి గారి రచన నాధారము చేసికొని మంజులానాయుడు గారు తీసిన ‘ఋతురాగాలు’ మొదలు, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ వరకు మేము విడువక చూచితిమి. ‘మొగలిరేకులు’ 2008 నుండి 2013 వరకు సాగినది. ఆ కాలమున మా యింట పుట్టిన బిడ్డ అది ముగియునాటికి బడికి పోయినది. ఇప్పటి కథలమీద మాకు ఫిర్యాదులు లేకపోలేదు. అత్త విషము కలుపుట, కోడలు ఆ పాలగ్లాసును మార్చుట ఎన్నిమారులు చూడగలము? మరియొక మాట. పట్టుచీర కట్టి, నగలన్నియు పెట్టి, పొయ్యిదగ్గర పోపు వేయు కోడలిని మేము ధారావాహికలలోనే చూచితిమి గాని, పట్టుచీరలు నేయు ధర్మవరములో సైత మెన్నడును చూడలేదు.

అయినను చూచుట మానలేదు. మేమే కాదు, మా కరియయు మానలేదు. కరియ యనగా మా కుక్క. కన్నడదేశపు టెల్ల దగ్గరగుటచే మా యూర నల్లని దానిని కరియ యందురు. ధారావాహిక మొదటి పాట వినబడగానే అది పెరటిలో నెక్కడ నున్నను పరుగెత్తి వచ్చి గడపలో పండుకొనును. దీనికి కథారసము తెలిసినదని మా మనుమరాలు చాలకాలము నమ్మినది. నిజమేమనగా, ఆ పాట ముగిసి, తొలి ప్రకటనలు వచ్చువేళ మేము దానికి సంగటి పెట్టుచుందుము. రష్యాదేశపు పండితుడు పావ్లోవు కుక్కలకు ఒక శబ్దము వినిపించి వెంటనే ఆహారము పెట్టుచు, కొన్నాళ్ళకు శబ్దము విన్నంతనే వాని నోట నీరూరుట కనిపెట్టెను. మేము ఏ పరిశోధనాలయమును లేకయే దానిని నిరూపించితిమి.

ఇక పండుగ సంగీతము. లేపాక్షి వాసులకు ఈ పిచ్చి సహజమేమో. పదునారవ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమందు పెనుకొండలో అధికారము నెరపిన విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు నాట్యమండపములో ప్రవేశించినచో కనబడునది కచేరీయే. ఒక స్తంభమున బ్రహ్మ మృదంగము వాయించుచుండును. వేరొక చోట తుంబురుడు వీణె పట్టియుండును. రంభ నాట్యమాడుచుండగా మూడుకాళ్ళ భృంగి తోడుపడుచుండును. యాత్రికులందరు గాలిలో వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచి మురిసిపోవుచున్నారు. మాకు మాత్రము ఆ వాయిద్యగాండ్ర యెదుట కూర్చుండుటయే యిష్టము. ఆ సభలో నిన్నటికిని నేటికిని శ్రుతి తప్పినవా డొక్కడును లేడు.

పండుగలలో మేము చెవి యొగ్గునవి సంక్రాంతినాటి గంగిరెద్దులవాని సన్నాయి, జాతరలలో అనంతపురపు సీమ సొత్తైన ఉరుములవారి వాద్యము. ఆ ఉరుము చప్పుడు చెవితో గాక కడుపుతో వినవలసినది. సుబ్బులక్ష్మి గారు 1963లో గ్రామఫోను రికార్డుగా పాడిన వేంకటేశ్వర సుప్రభాతము వేకువను మెల్లగా వినబడినచో అంతకన్న సుఖము లేదు. కాని ‘మెల్లగా’ యను మాట నేటి పందిళ్ళకు తెలియదు. రాత్రి పది గంటలు మొదలు ఉదయ మారు వరకు ధ్వనివర్ధకములు మ్రోగింపరాదని 2000వ సంవత్సరపు శబ్ద నియమములు చెప్పుచున్నవి. పండుగలకు కొన్నిదినములు సడలింపు కలదు. మా వీథి పందిరివారు ఆ సడలింపును మాత్రమే చదివినట్లున్నారు.

ఆ మ్రోత మనకు బాధయైనచో కుక్కకు నరకము. మనుష్యుని చెవి క్షణమునకు ఇరువదివేల కంపనముల వరకు వినగలుగును. కుక్క చెవి నలువదివేలకు పైబడిన దానిని సైతము వినును. మనకు దూరముగా తోచిన బాణసంచా దానికి తలప్రక్కనే ప్రేలినట్లుండును. ఈ సంగతి మేము పుస్తకములలో చదివియే యుంటిమి. చదివి యేమి చేసితిమో చెప్పుటకే నేడు కలము పట్టితిమి.

కరియ పోషణలో మేము జాగరూకులమని మాకు గర్వముండెడిది. రాగిసంగటి మజ్జిగతో పెట్టుదుము. ఉల్లిపాయ తగిలిన కూర పెట్టము, అది కుక్క రక్తమును చెరచును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష, చాక్లెట్టు పిల్లలు ముద్దుగా పెట్టబోయినను వారింతుము. ఉడికిన కోడియెముక చీలి పేగులో గ్రుచ్చుకొనునని దానిని పారవేయుదుము. ఎండకాలమున చెవుల లోపలను వ్రేళ్ళ సందులను వెదకి పిడుదులు తీయుదుము. ఇన్ని చేసిన మేము ఏటేట వేయింపవలసిన పిచ్చికుక్క రోగపు టీకాను 2023వ సంవత్సరమున వేయింపలేదు. గడువు జూలై నెలలో ముగిసినది. ఆ యేడు శ్రావణములు రెండు వచ్చినవి. అధికమాసములో శుభకార్యము లేలయని మేము నవ్వుచు అనుకొంటిమి. నిజశ్రావణమున నోములు వచ్చినవి. తరువాత వినాయకచవితి, తరువాత దసరా. అబద్ధమేల, హిందూపురమునకు పోయిరావలసిన యొకనాటి సాయంకాలమున తప్పిపోయిన బిడ్డ తల్లిని కలిసికొను ఘట్టము రానుండెను.

నవంబరు 12న దీపావళి. చీకటి పడగానే వీథిలో బాంబులు ప్రేలసాగినవి. కరియ మంచము క్రింద దూరి వణకుచుండెను. ప్రక్కింటి పిల్లవాడు, ఏడేండ్లవాడు, దానికి చిచ్చుబుడ్డి చూపవలెనని ప్రేమతో చేయి చాచి మెడపట్టి లాగెను. అదేక్షణమున గుమ్మము ముందట ఔటు ప్రేలెను. బిడ్డ కెవ్వున కేకవేసెను. చూచునప్పటికి ముంజేతిమీద రెండు గాట్లు, నెత్తురు.

నిమిషములో ఇల్లు జనముతో నిండినది. ఒకరు పసుపన్నారు, ఒకరు సున్నమన్నారు. ఒక పెద్దమ్మ కారము పట్టింపుడనెను. మరియొకరు ఆకుపసరు పోయువాడు ఫలానా పల్లెలో నున్నాడనిరి. బిడ్డ తల్లి మమ్ము అక్కాయని పిలుచునది. ఆమె కారపుడబ్బా చేతబట్టుకొని, “అక్కా, ఏమి చేయవలె? చెప్పు!” అని యేడ్చెను. ఆ డబ్బాను లాగివేసి, బిడ్డను కొళాయి క్రింద కూర్చుండబెట్టి, సబ్బుతో ఆ గాయమును కడుగ మొదలిడితిమి. మా అత్తగారు గడియారము చూచుచుండిరి. పావుగంట అగువరకు నీటిధార ఆపలేదు. బిడ్డ యేడ్పు ఆగినను కడుగుట ఆపలేదు. రోగపు విషము గాయములో నున్నచో దానిలో చాల భాగమును సబ్బునీరే నశింపజేయును. పసుపును కారమును దానిని లోనికి త్రోయును. కట్టు కట్టక, కారులో హిందూపురము సర్కారు ఆసుపత్రికి పోతిమి.

డాక్టరుగారు గాయమును చూచి మొదట నడిగిన ప్రశ్న, “కుక్క పెంపుడుదేనా? ఈ యేడు టీకా వేయించినారా?” అని. ప్రక్కనే బిడ్డ తల్లి. వేయించితిమని చెప్పినచో ఆమె మనస్సు కుదుటబడును, మా పరువు నిలుచును. ఆ మాట నాలుక చివరికి వచ్చినది. దానిని మ్రింగి, “లేదు. జూలైలో వేయింపవలసినది, అశ్రద్ధ చేసితిమి” అని చెప్పితిమి. ఆమె మా వంక చూచిన చూపు ఎట్టిదో వ్రాయజాలము. దారిపొడవున మా భుజముమీద తల వాల్చిన మనిషి తిరుగుప్రయాణమున ముందుసీటులో కూర్చుండెను.

నెత్తురు వచ్చిన కాటు గనుక గాయము చుట్టును సీరము ఎక్కించి, తొలి టీకా వేసిరి. పిమ్మట మూడవనాడు, ఏడవనాడు, ఇరువది యెనిమిదవనాడు తప్పక రావలెనని చీటీ వ్రాసియిచ్చిరి. ఒక్కపైస తీసికొనలేదు. ఒక్కమారు రోగలక్షణములు బయటపడినచో బ్రదికినవారు అరుదాతి అరుదు. పడకమునుపు వేసిన టీకాయే రక్ష. 1885వ సంవత్సరము జూలై 6న పారిసులో పాశ్చరు పండితుడు తొలిసారి ఈ టీకా వేసినది కుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికే. జోసెఫ్ మైస్టరు అను ఆ బాలుడు బ్రదికి పెద్దవాడైనాడు. దక్షిణదేశమున కూనూరులో 1907లో పాశ్చరు సంస్థ వెలసినది. నూరేండ్లకు పైబడిన యీ మందుండగా మా చేతిలో కారపుడబ్బా యుండెను.

మరునాడు ఇంట వేరొక గాలి. “ఆ కుక్కను కొడికొండ దాటించి విడిచిరండి” అని మా అత్తగారు. మా బావగారును అదేమాట. అత్తగారి మాటకు మేము ఎదురు చెప్పినది మా కాపురములో రెండవమారో మూడవమారో. “అత్తా, విడిచినచో అది బ్రదికినదో చచ్చినదో ఎట్లు తెలియును? పదిదినములు కన్నుల యెదుట నుండవలె. కరచిన కుక్క పదిదినములు ఆరోగ్యముగా నున్నచో కరచిననాడు దాని చొంగలో ఆ రోగము లేదని తెలిసికొనవచ్చును. విడిచివేసినచో బిడ్డ తల్లికి ఏమి చెప్పుదుము?” అంటిమి. ఆమె చాలసేపు మాటాడక, పెరటి గుంజ చూపి, “అయితే గట్టి గొలుసుతో కట్టు” అనిరి.

ఆ పదిదినములు మేము ధారావాహిక చూడలేదు. గొంతు మారినదా, చొంగ కారుచున్నదా, క్రింది దవడ వ్రేలాడుచున్నదా, కట్టెలు కొరుకుచున్నదా, చీకటిమూల వెదకుచున్నదా అని కరియనే చూచితిమి. మొదటిరాత్రి అది సంగటి ముట్టలేదు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. రెండవనాడు ప్రక్కింటి టెలివిజనులో ఆ పాట వినబడగానే గొలుసు లాగుకొని చెవులు నిక్కించినది. గిన్నె పెట్టగానే ఖాళీ చేసినది. అంతవరకు ఏ సంగీతమును మమ్మంతగా సంతోషపెట్టలేదు.

ప్రక్కింటామె గోడమీదనుండి చూచెడిది గాని పలుకరించెడిది కాదు. మూడవనాడును ఏడవనాడును బిడ్డను మేమే తీసికొనిపోయితిమి. అడ్డు చెప్పలేదు, వెంట రాలేదు. నవంబరు 22తో గడువు తీరినది. మరునాడు ఆమె తానుగా పెరటిలోనికి వచ్చి కరియను దూరమునుండి చాలసేపు చూచి, “తిన్నదా?” అని యడిగెను. తిన్నదంటిమి. అంతే, వెడలిపోయినది. ఆ వారమే పశువైద్యుని పిలిపించి దానికి టీకా వేయించితిమి. డిసెంబరు 10న చివరి సూదికి ఆమెయు మాతో వచ్చినది.

2024 దీపావళి అక్టోబరు 31న వచ్చినది. సాయంత్రము కాకమునుపే కరియను త్రిప్పి తెచ్చి, కడుపునిండ తిండి పెట్టి, లోపలి గదిలో కిటికీలు మూసి, దాని గోనెపట్ట పరచి, టెలివిజను ధ్వని హెచ్చించి, మేము ప్రక్కన కూర్చుంటిమి. పిల్లలకు ఆ గదిలో ప్రవేశము లేదు. తొమ్మిది గంటలకు తలుపు తట్టిన చప్పుడైనది. ప్రక్కింటి పిల్లవాడు కజ్జికాయల పళ్ళెము గడప బయట పెట్టి, “కరియ నిద్రపోయినదా, పెద్దమ్మా?” అని గుసగుసగా నడిగి, చిచ్చుబుడ్లు ఈ వీథిలో గాక అవతలి వీథిలో కాల్చుచున్నామని చెప్పి పరుగెత్తెను.