తఖ్దీర్ కాదు, ధూళి

పాశమైలారం పేరెత్తితే చాలు, మావాళ్లలోనూ ఎవరో ఒకరు నిట్టూర్చి "తఖ్దీర్ భాయ్" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

2025 జూన్ 30 పొద్దున సిగాచీ ఫ్యాక్టరీలో 54 మంది జాన్ పోయింది. ఎనిమిది మంది మయ్యత్ కూడా దొరకలేదు. జనాజా లేదు, చితి లేదు. చాలామంది బిహార్, యూపీ, ఒడిశాల నుంచి రోజీ కోసం వచ్చిన మజ్దూర్లు.

అక్కడ తయారయ్యేది బారూద్ కాదు. మందు గోలీ విరిగిపోకుండా పట్టి ఉంచే తెల్లపొడి, కర్రగుజ్జు నుంచి తీసే సెల్యులోజ్. అలాంటి సన్నపొడి మూసిన షెడ్డులో గాలినిండా లేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. మొదటి దెబ్బకు దూలాల మీది ధూళి రాలి, రెండోది ఇంకా పెద్దగా పేలొచ్చు. పిండిమిల్లులో, చక్కెర ఫ్యాక్టరీలో కూడా ఇదే ఖత్రా. కొత్త ఇల్మేం కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ దీని గురించే చెప్పింది: యంత్రాన్ని మూసి ఉంచాలి, ధూళి పేరుకోనివ్వొద్దు, నిప్పు పుట్టే ప్రతిదాన్నీ దూరం పెట్టాలి.

ముందు ఒంటెను కట్టెయ్, తర్వాత తవక్కుల్ చెయ్ అన్నారు మన రసూల్ (స). కట్టే జిమ్మేదారీ మాలిక్‌ది, కట్టాడో లేదో చూసేది సర్కార్. మజ్దూర్ నెత్తిన హెల్మెట్ పెట్టి, గేటుకు బోర్డు తగిలిస్తే అయిపోతుందా? గాలిలో లేచిన పొడికి హెల్మెట్ ఏం చేస్తుంది?

చనిపోయినవాళ్లకు కోటి ప్రకటించారు. ఇవ్వాల్సిందే, బరాబర్. బతికున్నవాళ్ల సంగతేంటి? పటాన్‌చెరు నుంచి బొల్లారం దాకా ఇవాళ ఎన్ని షెడ్ల దూలాల మీద పొడి పేరుకుందో, రాత్రి షిఫ్టు ఎక్కేలోపు నిచ్చెనేసి చూసేదెవరు?